నెల్లూరు తీరంలో ప్రజా సదుపాయాల స్థల నిర్ణయం: రెవెన్యూ పటం నుండి జి.ఐ.ఎస్. వరకు

ఉపోద్ఘాతం

తుఫాను షెల్టరును ఎక్కడ కట్టాలన్నది పైకి ఇంజనీరింగు ప్రశ్నగా కనిపిస్తుంది. నేల స్వభావం, సముద్రమట్టం నుండి ఎత్తు, చేరుకునే దారి, చుట్టుపక్కల జనసంఖ్య తెలిస్తే జవాబు దానంతట అదే వస్తుందన్న నమ్మకం సర్వత్రా ఉంది. భౌగోళిక సమాచార వ్యవస్థ, అంటే వాడుకలో జి.ఐ.ఎస్., ఈ నమ్మకాన్ని మరింత బలపరచింది. పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, చౌకధరల దుకాణం, మంచినీటి ట్యాంకు, షెల్టరు వంటి వాటి స్థానాలను ఒక పొరగా, జనావాసాలను మరొక పొరగా, దారులను ఇంకొక పొరగా అమర్చి, ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే లోటు ఎక్కడుందో తెర మీదే కనబడుతుంది.

ఉత్తరాన కావలి నుండి దక్షిణాన తడ వరకు సాగే నెల్లూరు తీరం ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి తగిన చోటు. ఇక్కడ చిక్కు జి.ఐ.ఎస్. చేసే లెక్కలో కాదు, లెక్కకు ముందే ఉంది. ఏది ఊరు, ఏది ఊరు కాదు అన్న నిర్ణయం కంప్యూటరు రాకకు నూరేళ్లకు ముందే, శిస్తు వసూలు కోసం జరిగిపోయింది. ఆ నిర్ణయమే సంఖ్యారూపం ధరించి నేటి దత్తాంశంలోకి వచ్చింది. ఈ పరంపరను తీరప్రాంత సదుపాయాల చరిత్రలో అనుసరించి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

శిస్తు కోసం పుట్టిన పటం

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగికొండ సమీపాన ఆధారరేఖను కొలిచి త్రికోణమితి సర్వేకు నాంది పలికాడు. అది భూగోళం ఆకృతిని తేల్చే శాస్త్రీయ కృషి. గ్రామానికి కావలసిన పటం దాని నుండి రాలేదు. అది 1858లో మద్రాసు రాజధానిలో మొదలైన రెవెన్యూ సర్వే నుండి వచ్చింది. గొలుసుతో పొలాన్ని కొలిచి, సర్వే నంబరు ఇచ్చి, మైలుకు పదహారు అంగుళాల కొలతతో గ్రామపటం గీసేవారు. అంటే నేల మీది 3,960 అంగుళాలు కాగితం మీద ఒక అంగుళం. ఈ సంఖ్య చాలా కాలం తరువాత మరొక సందర్భంలో తిరిగి వస్తుంది.

ఈ పటంలో ప్రధానమైనది పొలం. పట్టా ఉన్న భూమికి నంబరు, విస్తీర్ణం, తరం, శిస్తు ఉంటాయి. ఇళ్లున్న చోటు గ్రామకంఠం. శిస్తు పడని నేల పోరంబోకు. వాగు, దొరువు, ఇసుక తిన్నె, సముద్రపుటొడ్డు, శ్మశానం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. అడంగల్‌లోనూ రీసెటిల్మెంటు రిజిస్టరులోనూ రైతుకు ఎంత చోటు ఉందో మత్స్యకారుడికి అంత లేకపోవడానికి కారణం ఎవరి ద్వేషమూ కాదు. అతని వృత్తి మీద భూమిశిస్తు లేకపోవడమే.

నెల్లూరు తీరంలో పట్టపు మత్స్యకారుల పాళేలు ఒడ్డు ఇసుక మీద ఉంటాయి. పొలాలూ గ్రామకంఠమూ కొంత లోపలికి ఉంటాయి. రెవెన్యూ లెక్కలో పాళెం ఆ లోపలి గ్రామానికి మజరా. దానికి ప్రత్యేక ఖాతా లేదు, ప్రత్యేక సంఖ్య లేదు. యానాదుల పరిస్థితి ఇంకా దూరం. రాష్ట్రంలో యానాదుల జనాభా అధికంగా ఉన్న జిల్లా నెల్లూరు. చేపలు పట్టడం, అడవి సరుకు సేకరించడం, కాపలా, కూలి వంటి పనులను బట్టి చెరువు గట్టునో కాలువ ఒడ్డునో వేసుకున్న గుడిసెల వరుసకు సర్వే పుస్తకంలో పేరే దొరకదు. 1873లో జాన్ బాస్వెల్ ప్రచురించిన నెల్లూరు జిల్లా మాన్యువల్ యానాదుల గురించి వివరంగా చెబుతుంది. అయితే అది వారి ఆచార వ్యవహారాల వర్ణన. వర్ణనలో చోటు దొరికినవారికి పటంలో దొరకలేదన్నది గమనించవలసిన విషయం.

తరువాతి జనగణనలు రెవెన్యూ గ్రామాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. మజరాల జనసంఖ్య తల్లి గ్రామం జనసంఖ్యలో కలిసిపోయింది. ఒక గ్రామం జనాభా ఎంతో తెలుస్తుంది. అందులో ఒడ్డున ఉన్నవారెందరో, లోపల ఉన్నవారెందరో ఆ అంకెలో తెలియదు. తుఫానుకు మాత్రం ఆ తేడానే ముఖ్యం.

కంప్యూటరుకు ముందు స్థల చింతన

సదుపాయాన్ని ఎక్కడ పెట్టాలన్న శాస్త్రీయ ఆలోచన జి.ఐ.ఎస్. తోనే పుట్టిందనుకోవడం సరికాదు. జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో కేంద్రస్థాన సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. తెలుగునాట దానికి ప్రయోగశాల అయిన చోటు మిర్యాలగూడ తాలూకా. హైదరాబాదులోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ తరఫున లలిత్ కె. సేన్, సహ పరిశోధకులు చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. ఏ ఊరివారు ఏ అవసరానికి ఏ ఊరికి వెళ్తున్నారో పరిశీలించి, ఏ సదుపాయం ఏ స్థాయి కేంద్రంలో ఉండాలో సూచించిన ఆ కృషి భారతీయ గ్రామీణ ప్రణాళికలో మైలురాయి. కంప్యూటరు తెర లేకుండానే, కాలినడకనా బండి మీదా జనం పోయే దారులను పట్టుకున్న పని అది. నేటి జి.ఐ.ఎస్. నివేదికలు కొన్ని దానికన్నా వెనుకబడి ఉన్నాయనిపిస్తుంది. అవి దూరాన్ని కొలుస్తాయి, జనం నడకను కొలవవు.

అయితే మిర్యాలగూడ తీరానికి దూరంగా ఉన్న ప్రాంతం. అక్కడ వర్తించిన కేంద్రస్థాన సూత్రం ఒక పక్క సముద్రం ఉన్న చోట సగమే వర్తిస్తుంది. తీరగ్రామానికి తూర్పున పొరుగు ఊరు ఉండదు. కేంద్రం అనేది ఎప్పుడూ పడమటనే ఉంటుంది. సదుపాయాలన్నీ లోపలికి లాగబడతాయి, ప్రమాదం మాత్రం తూర్పు నుండి వస్తుంది.

తుఫానులు నేర్పిన లెక్క

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. ఆ తరువాతనే ఆంధ్ర తీరం పొడవునా ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ తుఫాను షెల్టర్ల నిర్మాణం చేపట్టాయి. నెల్లూరు తీరానికి తన సొంత అనుభవాలు కూడా ఉన్నాయి. 1927 నవంబరు తుఫాను, 1984 నవంబరులో శ్రీహరికోట సమీపాన తీరం దాటిన తుఫాను, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన అతి తీవ్ర తుఫాను ఈ జిల్లా జ్ఞాపకంలో నిలిచినవి. 1990 మే నెలలో దివిసీమ తుఫానుతో పోల్చదగిన మరో తుఫాను కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటినప్పుడు ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపు. ముందస్తు హెచ్చరిక, తరలింపు యంత్రాంగం, షెల్టరు మూడూ కలిస్తే ఏమి సాధ్యమో ఆ పోలిక చెబుతుంది.

ఆనాటి షెల్టర్ల స్థలాలను ఎంచినవారి చేతిలో ఉన్నది గ్రామపటమూ, దొరికిన ప్రభుత్వ భూమీ. షెల్టరుకు కొన్ని సెంట్ల మెరక నేల కావాలి. అది గ్రామకంఠం పక్కన, బడి ఆవరణలో, పంచాయతీ స్థలంలో దొరుకుతుంది. ఒడ్డున ఉన్న పాళెంలో దొరికే నేల ఇసుక పోరంబోకు. కాబట్టి మెరక, హక్కు రెండూ ఉన్న తల్లి గ్రామం వైపుకు భవనం మొగ్గడం సహజం. అన్నిచోట్లా అలాగే జరిగిందని కాదు. ఆ మొగ్గు పటంలోనే ఉందని మాత్రం చెప్పవచ్చు.

ఎత్తు విషయంలో మరొక ఇబ్బంది ఉండేది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్థలాకృతి పటాల్లో సమోన్నత రేఖల మధ్య తేడా సాధారణంగా 20 మీటర్లు. నెల్లూరు తీరమైదానంలో పాళేలన్నీ దాదాపు మొదటి రేఖకు దిగువనే ఉంటాయి. రెండు మీటర్ల ఎత్తు తేడా ప్రాణాలను నిలిపే చోట ఇరవై మీటర్ల తేడా చూపే పటం ఏమి సాయం చేస్తుంది?

ఆకాశానికి తెరచిన తీరం, కాగితంలో మూసిన తీరం

ఇక్కడి చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. ఆ దీవి యానాదుల నివాసం. కేంద్రం కోసం వారు అక్కడి నుండి కదలవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ అక్కడి నుండి ఎగిరింది. ఆ తరువాత 2003లో రిసోర్స్‌శాట్-1, 2005 మే 5న కార్టోశాట్-1 అదే తీరం నుండి కక్ష్యలోకి వెళ్లాయి. భూవినియోగాన్నీ నేల ఎత్తునూ చూపే చిత్రాలు ఆ ఉపగ్రహాల నుండి హైదరాబాదులోని దూరగ్రహణ సంస్థకు చేరాయి.

అదే కాలంలో సరిహద్దుల నుండీ సముద్రతీరం నుండీ సుమారు 80 కిలోమీటర్ల పట్టీలో ఉన్న స్థలాకృతి పటాలు నిషిద్ధ వర్గంలో ఉండేవి. నెల్లూరు తీర మండలాలన్నీ ఆ పట్టీలోనివే. దేశాన్ని ఆకాశం నుండి చూసే కన్ను ఎక్కడి నుండి ఎగిరిందో, ఆ చోటు పటం స్థానిక కళాశాల అధ్యాపకునికి సులభంగా దొరికేది కాదు. 2005 జాతీయ పట విధానం రక్షణకూ ప్రజావినియోగానికీ వేర్వేరు పటశ్రేణులను ఏర్పరచింది. 2009 ఆగస్టులో భువన్ జాలపటం అందుబాటులోకి వచ్చింది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో భారతీయ సంస్థలకు పటాల తయారీపై ఉన్న ముందస్తు అనుమతుల బెడద చాలావరకు తొలగింది. తీరప్రాంత ప్రణాళికపై విశ్వవిద్యాలయాల్లో స్వతంత్ర పరిశోధన ఆలస్యంగా పుంజుకోవడానికి ఈ కాలక్రమం ఒక ముఖ్య కారణం. దీనిని పరిశోధకుల ఉదాసీనతగా చూడటం అన్యాయం.

గీత దూరం, నడక దూరం

జి.ఐ.ఎస్. చరిత్రకు ఆరంభం 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్‌సన్ రూపొందించిన భూవనరుల వ్యవస్థ. మన దేశంలో 1982లో శాస్త్ర సాంకేతిక విభాగం ప్రారంభించిన ప్రకృతి వనరుల దత్తాంశ నిర్వహణ కార్యక్రమం జిల్లా ప్రణాళికలోకి దీనిని తెచ్చింది. ఆంధ్ర తీరంలో 1996 నవంబరు తుఫాను తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన ఆపదల ఉపశమన ప్రాజెక్టూ, 2011 నుండి అమలైన జాతీయ తుఫాను ప్రమాద ఉపశమన ప్రాజెక్టూ షెల్టర్లనూ, వాటికి చేరే రోడ్లనూ, వంతెనలనూ ఒకే పథకంలో చేర్చాయి. భవనాన్ని దారితో కలిపి చూడటం ఈ దశలో వచ్చిన అసలైన మార్పు.

దీని విలువ నెల్లూరు తీరంలో బాగా తెలుస్తుంది. జి.ఐ.ఎస్.లో అతి సులభమైన పని ఒక సదుపాయం చుట్టూ వృత్తం గీయడం. కిలోమీటరు వ్యాసార్ధంలో ఉన్న ఇళ్లన్నీ ఆ సదుపాయం పరిధిలో ఉన్నట్టు లెక్క. విద్యాహక్కు నిబంధనల్లో ప్రాథమిక పాఠశాలకు చెప్పిన దూరం కూడా కిలోమీటరే. కాని ఒడ్డుకు సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ సాగుతుంది. 1806లో మద్రాసు నుండి ఎన్నూరు వైపు తవ్వకం మొదలై, క్రమంగా ఉత్తరానికి పెద్దగంజాం వరకు వచ్చి, 1876-78 కరవు పనులతో మద్రాసు నగరంలోని భాగం పూర్తయి, అప్పటి గవర్నరు పేరు ధరించిన కాలువ ఇది. దానికి తూర్పున పాళెం, పడమట బడి ఉంటే, గీత దూరం అర కిలోమీటరే కావచ్చు. వంతెన చుట్టి వచ్చే దూరం దానికి అనేక రెట్లు ఉండవచ్చు. వృత్తం కాలువను గుర్తించదు. దారుల అల్లికను ఆధారం చేసుకున్న విశ్లేషణ మాత్రమే గుర్తిస్తుంది.

అదే కాలువ 2004 డిసెంబరు 26న సునామీ నీటిని కొంత తనలోకి తీసుకొని లోపలి ఊళ్లపై దాని ధాటిని తగ్గించిందని గుర్తించారు. మామూలు రోజుల్లో బడికి అడ్డు. సునామీ రోజున రక్షణ. ఒకే పొరను రెండు ప్రశ్నలకు రెండు విధాలుగా చదవవలసి ఉంటుందని ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ అరుదు.

పులికాట్ సరస్సులోని ఇరకం దీవిని చూస్తే వృత్తం పద్ధతి పూర్తిగా విఫలమవుతుంది. తడ మండలంలోని ఆ ఊరికి భీమునివారిపాళెం రేవు నుండి పడవలో వెళ్లాలి. అక్కడి గర్భిణికి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్ల దూరమన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ వేళ, ఏ గాలిలో, పడవ ఉందా లేదా అని అడగాలి. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ రోడ్డు ఉన్న చోటల్లా దూరాన్ని కాలంగా మార్చి ఆలోచించడం నేర్పింది. రోడ్డు లేని చోట ఆ ఆలోచనను పడవకు అన్వయించవలసి ఉంది. సాధనంగా జి.ఐ.ఎస్.కు ఇందులో అసాధ్యమేమీ లేదు. పడవ మార్గాన్ని కూడా ఒక దారిగా, దాని వేగాన్ని ఋతువును బట్టి మారే విలువగా నమోదు చేయవచ్చు. చేయాలంటే ఎవరైనా ఆ రేవులో కూర్చొని లెక్క వేయాలి.

సునామీ తరువాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. విమానం నుండి లేజరు కిరణాలతో తీరం ఎత్తును కొలిచి బహుళ ఆపదల పటాలు తయారు చేశారు. ఇరవై మీటర్ల సమోన్నత రేఖల చీకటి తొలగినది అప్పుడే. అయినా నెల్లూరు తీరానికి నీరు తూర్పు నుండే రాదు. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసివేసింది, కోవూరు దగ్గర జాతీయ రహదారిని తెంచింది. లోపలి ఊరే భద్రమన్న పాత సూత్రం ఆ వారం నిలవలేదు. సముద్రపు ఉప్పెనకూ నది వరదకూ ఒకే షెల్టరు పనికి వస్తుందా అన్న ప్రశ్నను రెండు పొరలనూ కలిపి చూస్తే తప్ప వేయలేము.

ఆవాసం అనే కొత్త ప్రమాణం

రెవెన్యూ గ్రామం నుండి బయటపడే ప్రయత్నం తాగునీటి రంగంలోనూ జరిగింది. 1991-93 మధ్య దేశవ్యాప్తంగా ఆవాసాల సర్వే జరిగింది. అందులో మజరా తనంత తాను లెక్కించదగినది అయింది. 2000లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కూడా ఆవాసాన్నే తీసుకొని, మైదానంలో 500 జనాభాను, గిరిజన ప్రాంతాల్లో 250ని అర్హతగా పెట్టింది. కాలక్రమంలో స్థానం మారని జనసమూహమే ఆవాసమని ఆ పథకం నిర్వచనం. పరిపాలనకు అది సౌకర్యమైన నిర్వచనమే. కాని ఒడ్డు కోతకు వెనక్కి జరిగే పాళేన్నీ, పనిని బట్టి కదిలే యానాది గుడిసెలనూ ఆ ఒక్క షరతు సందేహంలో పడేస్తుంది. 1990ల నుండి రొయ్యల చెరువులు పొలాలనూ బాటలనూ మార్చివేసిన తీరంలో, కదలనిదే ఊరు అంటే ఊళ్లు ఎన్ని మిగులుతాయి?

కాలం వెంట పోల్చి చూడబోయే పరిశోధకునికి మరొక చిక్కు పాలనా సరిహద్దులు. బాస్వెల్ నాటి నెల్లూరులో ఒంగోలు కూడా ఉంది. 1904లో ఒంగోలు గుంటూరుకు పోయింది. 1970లో కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు కొత్త జిల్లాకు వెళ్లాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ పునర్విభజనలో కందుకూరు తిరిగి నెల్లూరులో చేరింది. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. తీరం ఎక్కడికీ పోలేదు, దాని అంకెలు మాత్రం చేతులు మారాయి. పాత గ్రామ సంకేతాన్ని కొత్త సంకేతంతో కలిపే పట్టిక లేకుండా ‘జిల్లాలో షెల్టర్లు పెరిగాయి’ అనో ‘తగ్గాయి’ అనో చెప్పే వాక్యానికి విలువ లేదు.

నిర్వహణ విషయానికి వస్తే, 1977 తరువాతి షెల్టర్ల అనుభవం చెప్పేది ఒక్కటే. ఏడాదిలో కొద్ది రోజులే వాడే భవనం పాడుబడుతుంది. అందుకే తరువాతి కాలంలో వాటిని బహుళ ప్రయోజన భవనాలుగా, బడిగానో సమావేశ మందిరంగానో వాడేట్టు రూపొందించారు. జి.ఐ.ఎస్. పట్టికలో అక్షాంశ రేఖాంశాలతో పాటు గోడల స్థితి, నీటి కుండీ, మరుగుదొడ్డి, చివరి మరమ్మతు తేదీ, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్న సమాచారం ఉండాలి. ఈ చివరిది హాస్యంగా తోచవచ్చు. అర్ధరాత్రి గాలివానలో అదే అన్నిటికన్నా ముఖ్యమైన గడి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో సుమారు రెండువేల జనాభాకు ఒక కార్యాలయం, అందులో ఒక సర్వేయరు ఉండటం వల్ల ఇటువంటి గళ్లను నింపగల మనిషి తొలిసారిగా తీరానికి దగ్గరగా వచ్చాడు.

మళ్లీ 3,960

2011 తీరప్రాంత నియంత్రణ మండల ప్రకటన స్థానిక పటాలను 1:3,960 లేదా దానికి దగ్గరి భూమి సర్వే కొలతలో తయారు చేయమంది. మైలుకు పదహారు అంగుళాల ఆ పాత శిస్తు పటం కొలతే ఇది. అయితే ఈసారి ఆ కొలతలో చూపవలసినవి వేరు. మత్స్యకార గ్రామాలు, వారి ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే చోట్లు, రేవులు, మంచు కర్మాగారాలు, వైద్యశాలలు, బడులు, దారులు ఆ పటాల్లో గుర్తించాలని ప్రకటన చెప్పింది. పోరంబోకు అన్న ఒక్క మాటలో నూటయాభై ఏళ్లు ఒదిగి ఉన్న నేలను విడివిడిగా పేర్లు పెట్టి గీయమన్న శాసనం ఇది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో డ్రోన్లతో ప్రారంభమైన భూముల రీసర్వే కూడా ఇదే నేల మీద సాగింది. దాని లక్ష్యం హక్కుదారును గుర్తించడం. ఒకే ఇసుక నేలపై ఈ రెండు కొలతలు కలిసినప్పుడు, వల ఆరబెట్టే చోటును హక్కుదారు లేని భూమిగా చూస్తారా, ఊరి ఉమ్మడి స్థలంగా చూస్తారా అన్నది పాళేనికి పక్కా షెల్టరు ఎక్కడ వస్తుందో కూడా తేలుస్తుంది. ఆ ప్రకటన మత్స్యకారుల చోట్లను ఒక్కొక్కటిగా పేర్కొన్నది. కాలువ గట్టు మీది యానాది గుడిసెల వరుస ఆ జాబితాలో లేదు.